సన్‌బ్రెల్లా మెరైన్ గ్రేడ్: లేజర్ పడవకు కవర్ మనమే కుట్టుకుంటే ఈ బట్ట సరైనదేనా?

తీర్పు ముందే చెప్పేస్తాను. సన్‌బ్రెల్లా మెరైన్ గ్రేడ్ మంచి బట్టే, పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుంది. కానీ ఆరుబయట ఉండే పడవ కవర్ బట్ట నాణ్యత వల్ల పోవడం చాలా తక్కువ. ముందు దారం పోతుంది. లేదంటే కాక్‌పిట్ (మనిషి కూర్చునే గుంట) మీద నీళ్లు నిలిచి బట్ట సాగిపోతుంది. అదీ కాకపోతే మూడు నాలుగు మూలల్లో ఒరుసుకుని చిల్లులు పడతాయి. ఖరీదైన బట్ట కొని, ఇంట్లో మిషను డ్రాయరులో ఉన్న దారంతో కుట్టి, వాలు లేకుండా పడవ మీద పరిచేసి, ఆ తర్వాత "ఈ బట్ట ఏం బాగోలేదండీ" అనేవాళ్లు చాలామందే ఉంటారు. అందుకే ఇది ఒక్క బట్ట గురించి రాసిన సమీక్ష కాదు. బట్ట, దారం, మిషను, కుట్టే పద్ధతి అన్నీ కలిపి చూడాల్సిన వ్యవహారం.

కొలమానంగా లేజర్ పడవను, అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవను తీసుకున్నాను. ఇప్పుడు దీని అధికారిక పేరు ఐఎల్‌సీఏ, ఒడ్డున మాత్రం అందరూ లేజర్ అనే అంటారు. పొడవు 4.23 మీటర్లు, వెడల్పు 1.37 మీటర్లు. హుస్సేన్‌సాగర్‌లో వానాకాలంలో జరిగే హైదరాబాద్ సెయిలింగ్ వీక్‌లో తెరచాపలు ఎత్తుకుని తిరిగేవి ఎక్కువగా ఇవే. మొదటిసారి కవర్ కుట్టేవాళ్లకు ఇంతకంటే అనుకూలమైన పడవ లేదు. మాస్ట్, అంటే తెరచాప స్తంభం, రెండు ముక్కలుగా ఉంటుంది, పైకెత్తితే ఊడి వస్తుంది, దాన్ని పట్టి ఉంచే తీగలు ఉండవు. కాబట్టి కవర్‌కు కోతలు, చీలికలు, జిప్పులు అక్కర్లేదు. మాస్ట్‌ను తీగలు పట్టి ఉంచే ఎంటర్‌ప్రైజ్ లాంటి పడవ మీద మాస్ట్ నిలబెట్టి ఉంచే కవర్ కుట్టాలంటే అది వేరే లెక్క, దాని సంగతి మధ్యలో రెండు మాటల్లో చెబుతాను.

బట్ట ఎలాంటిది

సన్‌బ్రెల్లాను అమెరికాలోని గ్లెన్ రావెన్ కంపెనీ తయారుచేస్తుంది. అక్రిలిక్ పోగు తయారయ్యే ముందే, ద్రావణంలోనే రంగు కలిపేస్తారు. నేసిన తర్వాత అద్దిన రంగు కాదు కాబట్టి ఎండకు వెలిసిపోవడం చాలా నెమ్మది. చదరపు మీటరుకు సుమారు 310 గ్రాముల బరువు. లేజర్‌కు సరిపడే 10 మీటర్ల ముక్క సుమారు మూడున్నర కిలోలు తూగుతుంది. ఒక్క మనిషి మడిచి సంచిలో పెట్టుకోగలడు.

ఇది వాటర్‌ప్రూఫ్ కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. నీళ్లు పట్టకుండా పైన ఒక పూత ఉంటుంది, దాని మీద పడ్డ చుక్కలు ముత్యాల్లా దొర్లి పోతాయి. వాలు లేని చోట నీళ్లు నిలిస్తే మాత్రం నేత సందుల్లోంచి మెల్లగా ఊరి కిందకు దిగుతాయి. దీన్ని లోపం అనను. అదే సందుల్లోంచి లోపలి తడి ఆవిరై బయటకు పోతుంది. జులైలో వారం రోజులు ముసురు పట్టినప్పుడు పడవలో బూజు పట్టకుండా కాపాడేది ఈ గుణమే.

రెండు వైపులా ఒకేలా ఉంటుంది, పై వైపు, లోపలి వైపు అనే తేడా లేదు. సాదా రంగుల్లో ఇది పెద్ద వెసులుబాటు, ఎందుకో కొలతల దగ్గర తెలుస్తుంది. ఏటవాలు దిశలో కొద్దిగా సాగుతుంది కూడా. కొలతలో అరంగుళం తేడా వచ్చినా లాగి కట్టేసరికి సర్దుకుంటుంది. పాలిస్టర్ బట్ట ఆ మాత్రం కూడా దయ చూపదు.

బలహీనత ఒక్కటే, రాపిడి. గట్టి అంచు మీద గాలికి అటూ ఇటూ కదిలితే మొదట ఆ చోట పోగులు నున్నగా మెరుస్తాయి, తర్వాత నూగు లేస్తుంది, ఆ పైన వేలు దూరేంత చిల్లు. మెరుపు కనిపించినప్పుడే లోపల అతుకు వేస్తే కవర్ దక్కుతుంది. నూగు లేచాక వేసే అతుకు చుట్టూ చిరుగుతూ పోతుంది.

మెరైన్ గ్రేడ్‌కు 10 ఏళ్ల పరిమిత వారంటీ ఉంది. అది బట్ట రంగుకూ బలానికీ మాత్రమే. కుట్టుకూలీకి, దారానికి వర్తించదు.

కొనేటప్పుడు వెడల్పు కొలవండి

సన్‌బ్రెల్లా పేరుతో ఫర్నిచర్ బట్ట కూడా వస్తుంది. బాల్కనీ సోఫాలకు, కుర్చీల దిండ్లకు వాడేది. నమూనా ముక్క చేతిలో పెట్టుకుని చూస్తే తేడా తెలియదు, దాని నీటి పూత మాత్రం పడవకు సరిపోయేది కాదు. తేలికైన గుర్తు వెడల్పు. మెరైన్ గ్రేడ్ 46 అంగుళాల్లో, అంటే 117 సెంటీమీటర్లలో ఉంటుంది, లేదా 60 అంగుళాల్లో, అంటే 152 సెంటీమీటర్లలో ఉంటుంది. ఫర్నిచర్ బట్ట 54 అంగుళాలు. దుకాణదారు "అదే కంపెనీ, అదే బట్ట సార్" అన్నా టేపు పెట్టి కొలవండి. 54 వస్తే వెనక్కి ఇచ్చేయండి. పరుపుల దుకాణాల్లో కంటే షాపుల ముందు ఎండ పందిళ్లు వేసేవాళ్ల దగ్గర అడగడం మేలు, ఆనింగ్‌లకు వాడే 46 అంగుళాల బట్ట ఇదే రకం.

మిగతా బట్టలతో పోల్చి చూస్తే

టాప్ గన్ అనే పాలిస్టర్ బట్ట సన్‌బ్రెల్లా కంటే బరువు, చదరపు గజానికి పదకొండున్నర ఔన్సులు, అంటే చదరపు మీటరుకు సుమారు 390 గ్రాములు. రాపిడికీ చిరుగుడుకూ దీనిదే పైచేయి. పడవను ట్రాలీ మీద పెట్టి రోడ్డు మీద లాక్కెళ్లేవాళ్లు దీన్నే తీసుకోవాలి, సన్‌బ్రెల్లా ఆ గాలి దెబ్బలకు తట్టుకోదు. కానీ పూత దట్టం కాబట్టి గాలి ఆడదు, మన తేమలో గాలి రంధ్రాలు కుట్టక తప్పదు. బిరుసుగా ఉంటుంది, ఇంటి మిషను మీద నాలుగు పొరలు తొక్కితే చేతులు నొప్పెడతాయి.

లారీలకు కప్పే పీవీసీ టార్పాలిన్ చవక, ఎక్కడైనా దొరుకుతుంది, చుక్క నీరు దిగదు. పడవకు మాత్రం వద్దు. కింద ఉన్న తడి బయటకు పోయే దారి లేక పగలు ఆవిరవుతుంది, రాత్రి మళ్లీ చుక్కలై డెక్ మీద, అంటే పడవ పైభాగం మీద పడుతుంది. దాని కింద చిక్కుకున్న ఇసుక డెక్ మీది మెరుపును గీకేస్తుంది. ధాన్యం రాశుల మీద కప్పే ప్లాస్టిక్ బరకాలు నాలుగు రోజుల అవసరానికి పనికొస్తాయి, కుట్టడానికి పనికిరావు. సూది దిగిన ప్రతి చిల్లూ చిరుగుడుకు మొదలే.

నూలు కాన్వాస్‌కు ఇప్పటికీ అభిమానులున్నారు. తడిస్తే పోగులు ఉబ్బి సందులు మూసుకుంటాయి, గాలి ఆడుతుంది, కుట్టడం హాయి. పొడి ప్రాంతాల్లో బాగుంటుంది. మన వానాకాలంలో ఆరే అవకాశమే రాక కుళ్లుతుంది, పైగా తడిసి ఆరినప్పుడల్లా కుంచించుకుపోతుంది. టెంట్ హౌస్ వాళ్లకు వదిలేయండి.

దారం: అసలు డబ్బు పెట్టాల్సింది ఇక్కడ

నూలు దారం, షర్టులు కుట్టే దారం మాటే ఎత్తొద్దు. నైలాన్ దారం గట్టిది, చెప్పులకూ బ్యాగులకూ భేష్, ఎండలో మాత్రం పెళుసుబారుతుంది. మిగిలింది రెండే. ఒకటి, ఎండకు తట్టుకునేలా తయారుచేసిన బాండెడ్ పాలిస్టర్. ఇంటి మిషనుకు వి-69, పెద్ద మిషనుకు వి-92 సైజు. రెండోది టెనారా, గోర్ కంపెనీ పీటీఎఫ్ఈతో (నాన్‌స్టిక్ పెనాల పూతకు వాడే ప్లాస్టిక్) చేసే దారం.

పాలిస్టర్ కొత్తగా ఉన్నప్పుడు టెనారా కంటే బలంగా ఉంటుంది. అది చూసి మోసపోకూడదు. సూర్యరశ్మి పాలిస్టర్‌ను ఏటేటా తినేస్తుంది, పీటీఎఫ్ఈని తాకలేదు. సన్‌బ్రెల్లా మీద పాలిస్టర్‌తో కుడితే బట్ట బతికి ఉండగానే ఒకసారైనా మళ్లీ కుట్టాల్సి వస్తుంది. టెనారాతో కుడితే బట్ట పోయేదాకా దారం ఉంటుంది. ధర మాత్రం పాలిస్టర్‌కు చాలా రెట్లు.

నా సలహా: కవర్ రెండు సగాలను కలిపే నడిమి కుట్టుకు, అంటే నడినెత్తిన ఎండ పడే చోటుకు, బెల్టులు అతికే చోట్లకు టెనారా. అంచు మడతకు పాలిస్టర్ చాలు, అది పడవ పక్కకు వాలి ఉంటుంది, తిరిగి కుట్టడమూ తేలిక. పాలిస్టర్‌లో ముదురు రంగు తీసుకోండి, తెలుపు కంటే నలుపు ఎండకు ఎక్కువ కాలం నిలుస్తుంది. తెల్ల కవర్ మీద నల్ల కుట్టు అందం కాదనుకుంటే మీ ఇష్టం.

టెనారాతో చిక్కులు కొన్ని ఉన్నాయి. జారుడు ఎక్కువ. మామూలు టెన్షన్‌లో పెడితే కింద ఉచ్చుల్లా వేలాడుతుంది, పై టెన్షన్ బిగించి ముక్క గుడ్డ మీద చూసుకున్నాకే అసలు బట్ట మీదికి వెళ్లాలి. ముడి వేస్తే జారి విడిపోతుంది, కుట్టు మొదట్లోనూ చివరా ఐదారు పోట్లు వెనక్కూ ముందుకూ వేయాలి. పాలిస్టర్ కొసను అగ్గిపుల్లతో కాల్చి గుండు చేసినట్టు దీన్ని చేయలేం, అది కరగదు. బాబిన్‌లోనూ టెనారానే చుట్టాలి. పైన ఒకటి, కింద ఒకటి పెట్టి మిగల్చుకునేది ఏమీ లేదు, కింది దారం తెగితే పై దారం ఒక్కటే పట్టి ఉంచదు.

ఎంత కావాలి? నడిమి కుట్టు రెండు వరుసలు తొమ్మిదిన్నర మీటర్లు, అంచు చుట్టూ రెండు వరుసలు సుమారు 22 మీటర్లు, బెల్టులకూ అతుకులకూ ఇంకో 15. మొత్తం 45 నుంచి 50 మీటర్ల కుట్టు. పైదీ కిందదీ కలిపి కుట్టు పొడవుకు మూడు రెట్ల దారం పడుతుంది, అంటే 150 మీటర్లు. వృథాతో కలిపి 200 మీటర్లు ఉంచుకోండి. పెద్ద కోన్ కొనక్కర్లేదు.

పాత కవర్ దారం ఎలా ఉందో తెలుసుకోవడానికి పై కుట్టును గోటితో అడ్డంగా గీకండి. పొడిలా రాలితే ఆయుష్షు తీరినట్టే. లోపలి వైపు దారం అప్పటికీ గట్టిగానే కనబడుతుంది, దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఏ మిషను?

పడవలవాళ్లలో పేరున్నది అమెరికాలోని సెయిల్‌రైట్ కంపెనీ అల్ట్రాఫీడ్. పై పాదం కూడా బట్టను పట్టుకుని ముందుకు నడిపే వాకింగ్ ఫుట్ రకం. ఎల్ఎస్-1 నేరు కుట్టు మాత్రమే వేస్తుంది, ఎల్ఎస్‌జడ్-1 జిగ్‌జాగ్ కూడా వేస్తుంది. జిగ్‌జాగ్ తెరచాపలకు కావాలి, కవర్‌కు నేరు కుట్టే సరైనది. మంచి మిషనే, అయితే ఒక్క కవర్ కోసం సముద్రాలు దాటించి తెప్పించుకోవడం దండగ. క్లబ్బులో పది పడవలకు కుట్టాలంటే ఆలోచించొచ్చు.

మన ఊళ్లలో దీనికి జవాబు కారు సీటు కవర్లు కుట్టే రెక్సిన్ షాపు. వాళ్ల దగ్గర జూకీ డీఎన్‌యూ-1541 గానీ ఆ తరహా వాకింగ్ ఫుట్ మిషను గానీ ఉంటుంది. కత్తిరింపులూ గుర్తులూ ఇంట్లో పూర్తి చేసుకుని, కుట్టడానికి మాత్రం పూట లెక్కన మాట్లాడుకోండి. బట్టతో పాటు దారం కూడా మీరే పట్టుకెళ్లాలి. లేకపోతే వాళ్ల మిషను మీద ఉన్న నైలాన్‌తోనే కుట్టేస్తారు, వాళ్ల పనికి అదే సరైంది మరి.

ఇంట్లో ఉన్న నల్ల ఉషా మిషను, కాలితో తొక్కేది, నాలుగు పొరల సన్‌బ్రెల్లాను కుట్టేస్తుంది. 110/18 సూది, వి-69 దారం, పోటు పొడవు చివరిదాకా తిప్పి 4 మిల్లీమీటర్లు. పెద్ద మిషను మీదైతే వి-92 దారానికి 125/20 సూది, 5 మిల్లీమీటర్ల పోటు. చిన్న పోట్లు వేస్తే గట్టిగా ఉంటుందనుకోవడం పొరపాటు, చిల్లులు దగ్గరపడి ఆ గీత వెంటే బట్ట చిరుగుతుంది. బెల్టు అతికే చోట ఆరేడు పొరలు వస్తాయి, అక్కడ మోటారు మీదా కాలి మీదా ఆధారపడకుండా చక్రాన్ని చేత్తో తిప్పండి.

తోలు సూది వాడకండి, దాని మొన పోగులను కోసేస్తుంది. సూది రకాలు ఒక మిషనువి ఇంకోదానికి సరిపడవు. ఇంటి మిషనువి వేరు, షర్టులు కుట్టే జూకీవి వేరు, 1541వి వేరు. సైజు ఒకటే అని పెడితే పోట్లు దాటేస్తుంది, తప్పు దారానిదేమో అనుకుంటూ సగం రోజు పోతుంది.

కొలత, కత్తిరింపు

ముందు వాలు తయారుచేయాలి, ఆ తర్వాతే కొలత. లేజర్ కాక్‌పిట్ నడుమ పల్లంగా ఉంటుంది, కవర్ చదునుగా పరిస్తే మొదటి వానకే అక్కడ మడుగు కడుతుంది. అర మీటరు చదరంలో 4 సెంటీమీటర్ల లోతున నీళ్లు నిలిచాయంటే 10 లీటర్లు, అంటే 10 కిలోలు. ఆ బరువుకు బట్ట సాగుతుంది, సాగిన కొద్దీ ఇంకా నీళ్లు పడతాయి. బట్ట ఎంత ఖరీదైనదైనా ఇక్కడ ఓడిపోతుంది.

అడ్డంగా మూడు విల్లులు, అంటే విల్లులా వంచిన కడ్డీలు పెట్టండి. మాస్ట్ గుంట దగ్గర ఒకటి, కాక్‌పిట్ మధ్యలో ఒకటి, వెనక డెక్ మీద ఒకటి. నడిమిన 25 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే పక్కలకు సుమారు 20 డిగ్రీల వాలు వస్తుంది, నీళ్లు నిలవవు. కరెంటు వైరింగుకు వాడే పీవీసీ పైపు చవకే గానీ ముదురు రంగు కవర్ కింద మే నెల వేడికి మెత్తబడి కుంగిపోతుంది. గుడారాలకు వాడే ఫైబర్ కడ్డీలు గానీ పలుచని అల్యూమినియం గొట్టం గానీ మేలు. కొసలకు రబ్బరు టోపీలు పెట్టాలి, లేకపోతే డెక్‌కు గీతలు.

విల్లులు నిలిపాక ఇళ్లు కట్టేచోట పరిచే మందపాటి పాలిథిన్ షీటును సగం పడవ మీద మాత్రమే పరచండి. లేజర్ రెండు పక్కలా ఒకేలా ఉంటుంది, సగం నమూనా తీసి తిప్పి వేసుకుంటే చాలు. బట్టకు రెండు వైపులూ ఒకటే కావడం ఇక్కడ కలిసొస్తుంది. నడిమి గీత, పడవ అంచు గీత, ముక్కు కొన, వెనక మూల, వెనక ట్రావెలర్ తాడు దూరే రింగులు (ఫెయిర్‌లీడ్లు), అన్నీ చెరగని మార్కర్‌తో గుర్తు పెట్టుకోండి. నడిమి గీత మీద ప్రతి 30 సెంటీమీటర్లకూ ఒక అడ్డగీత గీయండి. దాని అవసరం కుట్టేటప్పుడు తెలుస్తుంది.

లెక్క ఇలా. పొడవు 4.23, ముందూ వెనకా కిందికి వేలాడే పక్కపట్టీ 20 సెంటీమీటర్ల చొప్పున, అంచు మడత 4 చొప్పున, అంతా కలిపి 4.75 మీటర్లు అనుకోండి. సగం వెడల్పు వాలుతో కలిపి 72.5, పక్కపట్టీ 20, మడత 4, నడిమి కుట్టుకు రెండున్నర, మొత్తం 99 సెంటీమీటర్లు. 117 వెడల్పు బట్టలో ఒక్కో సగం హాయిగా ఇముడుతుంది. రెండు సగాలకూ తొమ్మిదిన్నర మీటర్లు, 10 మీటర్లు కొనండి. గజాల్లో అమ్మితే 11 గజాలు. మిగిలిన 18 సెంటీమీటర్ల పట్టీలూ ముక్కు దగ్గరి త్రికోణాలూ అతుకులకు సరిపోతాయి. 152 వెడల్పుది తీసుకుంటే ఒక ముక్కలో పడవంతా రాదు, రెండు సగాలుగా కోస్తే ఒక్కోదానికీ 50 సెంటీమీటర్లు వృథా. అడ్డంగా నాలుగు ముక్కలు వేస్తే బట్ట తగ్గుతుంది గానీ వాన పడే చోట మూడు అడ్డకుట్లు వస్తాయి. ఇరుకు బట్టే లేజర్‌కు లాభం.

కోయడానికి చదునైన మొన ఉన్న సోల్డరింగ్ ఐరన్ బాగుంటుంది, అంచు కరిగి పోగులు ఊడవు. కిటికీలు తెరిచి చేయండి, అక్రిలిక్ పొగ మంచిది కాదు. కరిగిన అంచు గట్టిపడి గరుకుగా ఉంటుంది కాబట్టి దాన్ని మడతలోకి తిప్పేయాలి, పడవకు తగలనీయకూడదు.

కుట్టడం

నడిమి కుట్టు జీన్స్ ప్యాంటు కాలి పక్కన ఉండే మడత కుట్టు లాంటిదే. రెండు సగాలనూ కలిపి అంచుకు 12 మిల్లీమీటర్ల లోపల ఒక వరుస. తర్వాత రెండు అంచులనూ ఒకే పక్కకు తిప్పి పైనుంచి రెండో వరుస. మొత్తం ఇంతే, కానీ 4.75 మీటర్ల పొడవున సమంగా రావడమే కష్టం.

మామూలు మిషను కింది పళ్లు అడుగు పొరను లాగుతాయి, పై పొరను పాదం ఆపుతుంది. చివరికి వచ్చేసరికి పై సగం రెండు మూడు సెంటీమీటర్లు మిగిలిపోతుంది. మిగిలిందని కత్తిరించేస్తే కవర్ మెలి తిరుగుతుంది, ముక్కు ఒక పక్కకు లాగుతుంది. ఇందాకటి 30 సెంటీమీటర్ల గుర్తులు ఇందుకే. గుర్తుకు గుర్తు ఆనించి, 6 మిల్లీమీటర్ల వెడల్పున్న రెండు వైపుల జిగురు టేపుతో ముందే అతికేయండి. టేపు కుట్టు గీత మీద కాకుండా కాస్త పక్కన ఉండాలి, లేకపోతే జిగురు సూదికి పట్టి పోట్లు దాటుతుంది. పట్టినప్పుడు స్పిరిట్ గుడ్డతో తుడవాలి. గుండుసూదులు వద్దు, క్లిప్పులు వాడండి.

అంచు మడతలో అసలు పరీక్ష ముక్కు వంపు దగ్గర. నేరుగా కోసిన పట్టీని వంపు చుట్టూ తిప్పితే ముడతలు పడుతుంది. మిగిలిన ముక్కల్లోంచి 45 డిగ్రీల ఏటవాలుగా పట్టీలు కోసి, వంపు ఉన్న చోట విడిగా లోపల వేసి కుట్టండి, చక్కగా తిరుగుతుంది. మడత లోపల 5 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు, 13 మీటర్లు. చాలామంది ఎలాస్టిక్ తాడు వేస్తారు, మొదట్లో బాగా పట్టుకుంటుంది, తర్వాత లోపలి రబ్బరు ఎండకు చచ్చి వేలాడుతుంది. మామూలు తాడు లాగి వెనక కట్టడమే మంచిది.

ఎంటర్‌ప్రైజ్ లాంటి పడవల కవర్ తెరచాప అడుగున ఉండే అడ్డకర్ర (బూమ్) మీదుగా గుడారంలా దిగుతుంది. అక్కడ మాస్ట్ చుట్టూ కాలరు, తీగల దగ్గర చీలికలు, ముందు జిప్పు కావాలి. జిప్పు ప్లాస్టిక్ పళ్లున్న వైకేకే విస్లాన్ 10 సైజు పెట్టండి. లోహపు జిప్పు తుప్పుతోనో కిలుముతోనో బిగుసుకుపోతుంది. జిప్పు మీద మూడు వేళ్ల వెడల్పు పట్టీ కప్పాలి, చీలికల మీది పట్టీలు పెంకుల్లా పైది కిందిదాని మీదికి రావాలి.

రాపిడి చోట్లు, బెల్టులు

లేజర్‌లో ఐదు చోట్లు చూసుకోవాలి: ముక్కు కొన, వెనక రెండు మూలలు, ఫెయిర్‌లీడ్లు, విల్లుల నడినెత్తి, విల్లుల కొసలు. ఒక్కోచోట లోపలి వైపు అరచేతి కంటే పెద్ద అతుకు, మూలలు గుండ్రంగా కోసి. మూలలు చతురస్రంగా ఉంటే అక్కడి నుంచే ఊడుతుంది. ముక్కు దగ్గర మెత్తటి రెక్సిన్, మెత్తని వైపు పడవకు తగిలేలా.

పడవ కిందుగా మూడు బెల్టులు, 25 మిల్లీమీటర్ల పాలిస్టర్ నవారు, మొత్తం 6 మీటర్లు. నైలాన్ నవారు తడిస్తే సాగుతుంది, సాయంత్రం బిగించింది తెల్లారేసరికి వదులు. కవర్ మీద బెల్టు అతికే చోట 10 సెంటీమీటర్ల చదరపు అతుకు లోపల వేసి, బెల్టు కొసను చతురస్రం, మధ్యలో గుణకారం గుర్తు వచ్చేలా కుట్టాలి. చోట్లు నిర్ణయించే ముందు పడవను ట్రాలీ మీదే ఉంచి చూడండి. ట్రాలీ దిమ్మ మీద పడవ ఆనే చోటే బెల్టు వస్తే దాన్ని దూర్చలేరు. బకిల్ పక్కపట్టీ మీద ఆగాలి, పడవ చెక్కిలికి తగలకూడదు.

ఐలెట్ల (తాడు దూర్చే లోహపు రింగుల) మోజు మంచిది కాదు. బెల్టులుంటే వెనక రెండు చాలు. అవి కూడా ఇత్తడివి, కింద ముళ్లున్న రకం. ఇనపవి పెడితే మొదటి వానకే కవర్ మీద ఎర్రటి చారికలు.

గాలికి పటపటా కొట్టుకునే కవర్ ఎక్కువ కాలం ఉండదు. మేలో సాయంత్రాలు వచ్చే గాలిదుమారం ఒక్కటి చాలు, వదులుగా కట్టిన కవర్‌ను విల్లులతో సహా ఊడబెరకడానికి. బెల్టు కింద వేలు దూరనంత బిగించాలి. లోపలి గాలి ఆడటానికి వెనక పట్టీని నాలుగు వేళ్ల సందు వదిలి కట్టండి, పడవ వెనక ఉన్న నీళ్ల ప్లగ్ తీసి ఉంచండి.

శుభ్రం చేయడం

వాషింగ్ మెషీన్ డ్రయ్యరు, ఇస్త్రీ రెండూ నిషిద్ధం, అక్రిలిక్ కుంచించుకుపోతుంది. దుమ్ము దులిపి, పక్షుల రెట్టలు పడ్డ రోజే చల్లటి సబ్బు నీళ్లతో మెత్తటి బ్రష్షు పెట్టి రుద్దితే చాలు. బూజు పట్టిందంటే అది బట్టది కాదు, బట్ట మీది మురికికి పట్టింది. దానికి 3.8 లీటర్ల నీళ్లలో 240 మిల్లీలీటర్ల బ్లీచ్, 60 మిల్లీలీటర్ల తేలిక సబ్బు కలిపి చల్లి, 15 నిమిషాలు ఉంచి, స్పాంజితో రుద్ది, సబ్బు పోయేదాకా కడగాలి. చెరువు ఒడ్డున కాదు, ఇంటి దగ్గర. సన్‌బ్రెల్లా ఈ బ్లీచ్‌ను తట్టుకుంటుంది, ఇతర కంపెనీల పాలిస్టర్ బట్టల మీద ఇదే లెక్కన వాడకండి.

ఇలా గట్టిగా కడిగాక నీటి పూత పలుచనవుతుంది. పైన పోసిన నీళ్లు చుక్కలుగా దొర్లకుండా పాకి మరకలా నల్లబడితే పూత పోయినట్టు. పూర్తిగా ఆరిన బట్ట మీద, ఎండ తగ్గిన వేళ, 303 ఫాబ్రిక్ గార్డ్ అనే నీటి పూత స్ప్రేను పలుచగా రెండుసార్లు చల్లండి. నడిమి కుట్టు మీద మూడోసారి, సూది చిల్లుల్లోంచే నీళ్లు ముందు దిగుతాయి.